రోజువారీ జీవితంలో మానసిక ఆరోగ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

మనసుకు సంబంధించిన ఇబ్బంది గురించి అడిగేవారిలో చాలామంది ఒకే సందేహంతో మాట మొదలుపెడతారు: "ఇది డాక్టరు దాకా వెళ్ళాల్సినంత విషయమేనా?" బాధ పెద్దదా చిన్నదా అని తూచి చెప్పే త్రాసు ఎవరి దగ్గరా లేదు. అందుకే వైద్యులు మరో రెండు విషయాలు చూస్తారు. ఆ ఇబ్బంది ఎన్నాళ్ళుగా ఉంది అన్నది మొదటిది; నిద్రను, తిండిని, పనిని, మనుషులతో మెలగడాన్ని అది ఎంతవరకు అడ్డుకుంటోంది అన్నది రెండోది. కింది జవాబుల్లో ఈ రెండు కొలతలే పదేపదే కనిపిస్తాయి. ఇవి అవగాహన కోసం రాసినవి. వైద్యుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని చేసే పరీక్షకు ఇవి ప్రత్యామ్నాయం కావు.

మానసిక ఆరోగ్యం అంటే మానసిక జబ్బు లేకపోవడమేనా?

కాదు. 1948లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి ఆరోగ్యాన్ని శారీరక, మానసిక, సామాజిక శ్రేయస్సుగా నిర్వచించి, జబ్బు లేనంత మాత్రాన ఆరోగ్యం ఉన్నట్టు కాదని స్పష్టంగా చెప్పింది. మానసికంగా ఆరోగ్యంగా ఉన్నవారికి కూడా కోపం, భయం, ఏడుపు, అసూయ అన్నీ వస్తాయి. అవి వచ్చి కొంతసేపటికో కొన్నాళ్ళకో సర్దుకుంటాయి, ఈలోగా వారు తమ పనులు తాము చేసుకోగలుగుతారు, తమవాళ్ళతో మాట్లాడగలుగుతారు. జబ్బు నిర్ధారణ అయినవారు సరైన చికిత్సతో నిండైన జీవితం గడుపుతూ ఉండవచ్చు. ఏ జబ్బూ లేనివారు నెలల తరబడి ఏ ఆసక్తీ లేకుండా రోజులు వెళ్ళదీస్తూ ఉండవచ్చు. రెండోవారికీ సహాయం అడిగే హక్కు ఉంది.

ఇలాంటి ఇబ్బంది నాకొక్కరికేనా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 97 కోట్ల మంది, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు, ఏదో ఒక మానసిక సమస్యతో జీవిస్తున్నారు. వాటిలో ఎక్కువగా కనిపించేవి ఆందోళన, కుంగుబాటు.

మామూలు దిగులుకూ, డిప్రెషన్ అని డాక్టర్లు చెప్పే కుంగుబాటుకూ తేడా ఎలా తెలుస్తుంది?

దిగులుకు సాధారణంగా ఒక కారణం ఉంటుంది, మధ్యమధ్య తెరిపి ఉంటుంది. ఉద్యోగం పోయి బాధపడుతున్న మనిషి కూడా పాత స్నేహితుడు వచ్చి మాట్లాడితే కాసేపు నవ్వగలడు, ఇష్టమైన వంట ముందు పెడితే రుచి తెలుస్తుంది. కుంగుబాటులో ఆ తెరిపి దొరకదు. ఇష్టమైన పాట విన్నా, పిల్లలు దగ్గరకు వచ్చినా లోపల ఏమీ కదలదు. చాలామంది దీన్ని బాధగా కూడా చెప్పరు, "ఏమీ అనిపించడం లేదు" అంటారు. ఆ మాట విన్నప్పుడు ఇంట్లోవాళ్ళు దాన్ని బద్ధకంగానో పట్టనితనంగానో అనుకోకూడదు.

వైద్యులు వాడే ప్రమాణాల ప్రకారం తొమ్మిది లక్షణాలను చూస్తారు: మనసు బాగా దిగజారి ఉండటం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఆకలిలో లేదా బరువులో మార్పు, నిద్ర తగ్గడం లేదా పెరగడం, కదలికలు మందగించడం లేదా కుదురు లేకపోవడం, నిస్సత్తువ, తాను పనికిరానన్న భావన లేదా అకారణమైన అపరాధభావం, ఏకాగ్రత కుదరకపోవడం, చావు గురించిన ఆలోచనలు. వీటిలో కనీసం ఐదు, అందులో మొదటి రెండింటిలో ఒకటైనా తప్పనిసరిగా, కనీసం రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ ఉండి, రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తుంటే కుంగుబాటుగా పరిగణిస్తారు. ఐదు లేవు, నాలుగే ఉన్నాయని వెళ్ళకుండా ఆగిపోనవసరం లేదు. లెక్క పెట్టాల్సిన బాధ్యత వైద్యులది, మీది కాదు.

థైరాయిడ్ గ్రంథి మందగించినా, రక్తహీనత ఉన్నా, బి12 విటమిన్ తగ్గినా ఇవే లక్షణాలు కనిపించవచ్చు. అందువల్ల మొదటి దశలోనే రక్తపరీక్ష చేయించడం మంచిది. అక్కడ లోపం దొరికితే దానికి వైద్యం చేస్తారు. దొరకలేదంటే మీ బాధ కల్పితమని అర్థం కాదు.

ఒత్తిడి అందరికీ ఉంటుంది కదా, ఎప్పటి నుంచి పట్టించుకోవాలి?

ఒత్తిడి దానంతట అది జబ్బు కాదు. ప్రమాదం ఎదురైనప్పుడు పోరాడటానికో పారిపోవడానికో శరీరం సిద్ధమయ్యే తీరును అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 20వ శతాబ్దం మొదట్లో వివరించారు. అడ్రినలిన్ పెరిగి గుండె వేగం హెచ్చుతుంది, కండరాలకు రక్తం పరుగెడుతుంది, కార్టిసాల్ అనే హార్మోను శక్తిని అందుబాటులోకి తెస్తుంది. ప్రమాదం తప్పిపోగానే ఇవన్నీ వెనక్కి తగ్గాలి. దీర్ఘకాలం కొనసాగే ఒత్తిడి శరీరాన్ని ఎలా అరగదీస్తుందో హాన్స్ సెల్యే 1936 నుంచి చేసిన పరిశోధనలు ప్రపంచం దృష్టికి తెచ్చాయి.

ఇప్పటి జీవితంలో ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, మనల్ని కలవరపెట్టే విషయాలకు ముగింపు ఉండదు. అప్పు వాయిదాలు, పూర్తికాని పని, రాత్రి పదకొండు గంటలకు పై అధికారి పంపిన సందేశం, ఆసుపత్రిలో ఉన్న తల్లి, వీటిలో దేనితోనూ పోరాడి గెలవలేము, దేన్నుంచీ పారిపోలేము. శరీరం మాత్రం సిద్ధంగానే నిలబడి ఉంటుంది. పరీక్షకో ఇంటర్వ్యూకో ముందు వచ్చి, అది అయిపోగానే పోయే ఒత్తిడి గురించి బెంగ అక్కరలేదు. కారణం తీరిపోయాక కూడా వారాల తరబడి మెడ, దవడ బిగుసుకుని ఉండటం, చిన్న మాటకే విరుచుకుపడటం, కడుపులో మంట, సెలవు రోజున కూడా కుదురుగా కూర్చోలేకపోవడం కనిపిస్తే అప్పుడు పట్టించుకోవాలి.

ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరాడకపోవడం, చచ్చిపోతానేమోనన్న భయం వస్తున్నాయి. ఇది గుండెజబ్బా?

మొదటిసారి వచ్చినప్పుడు గుండెకు సంబంధించినదేమోనని తప్పనిసరిగా వైద్య పరీక్ష చేయించుకోవాలి. ఛాతీనొప్పిని ఆందోళన అని ఇంట్లోనే తేల్చేసుకోవడం ప్రమాదం.

పరీక్షల్లో గుండె బాగానే ఉందని తేలి, ఇదే మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది పానిక్ అటాక్ అయ్యే అవకాశం ఎక్కువ. అది నడిచే తీరు దాదాపు ఇలా ఉంటుంది. బస్సులోనో, దుకాణంలో వరుసలోనో నిలబడి ఉన్న మనిషికి ఏ కారణమూ లేకుండా గుండె గట్టిగా కొట్టుకోవడం తెలుస్తుంది. అది తెలియగానే భయం వేస్తుంది, భయంతో ఊపిరి వేగంగా, పైపైన తీస్తారు. ఊపిరి వేగం పెరిగే కొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్ళ చివర్లు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతున్నట్టు ఉంటుంది. ఆ తిమ్మిరిని చూసి "ఏదో అయిపోతోంది" అని భయం రెట్టింపవుతుంది. ఇదంతా సాధారణంగా పది నిమిషాలలోపే తారస్థాయికి చేరి, ఆ తరువాత దానంతట అదే దిగుతుంది. ఆ సమయంలో నరకంలా ఉన్నప్పటికీ పానిక్ అటాక్ దానంతట అది ప్రాణం తీయదు.

ఆ క్షణంలో ఊపిరి గట్టిగా లోపలికి లాగడం కంటే, నెమ్మదిగా, ఎక్కువసేపు బయటికి వదలడం మీద దృష్టి పెట్టాలి. అక్కడి నుంచి పారిపోకుండా అది దిగేదాకా ఉండగలిగితే మరీ మంచిది. ఎందుకంటే, అటాక్ వచ్చిన చోటుకల్లా వెళ్ళడం మానేస్తూ పోతే, మొదట ఆ బస్సు, తరువాత ఆ దారి, చివరికి ఇల్లు దాటడమే కష్టమవుతుంది. అటాక్ కంటే ఈ తప్పించుకోవడమే మనిషిని ఎక్కువగా బందీ చేస్తుంది. దీనికి చికిత్స ఉంది, బాగా పనిచేస్తుంది కూడా.

పని వల్ల వచ్చే బర్న్‌అవుట్ ఒక జబ్బేనా?

ఈ మాటను 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ వైద్య సాహిత్యంలోకి తెచ్చారు. 2022 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదకొండవ సంచికలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా పేర్కొంది. పూర్తిగా అలిసిపోవడం, చేసే పని మీద విరక్తి, తన వల్ల ఏమీ కావడం లేదన్న భావన అనే మూడు దీని గుర్తులు.

దీన్ని పని పరిస్థితిగా చెప్పడంలో ఒక న్యాయం ఉంది. మోయలేనంత పని, తన పని మీద తనకే అదుపు లేకపోవడం, అన్యాయమైన వ్యవహారం ఉన్న చోట ఉద్యోగికి ధ్యానం నేర్పించి ఊరుకుంటే సమస్య తీరదు. పని గంటలు, బాధ్యతలు, సిబ్బంది సంఖ్య మారాలి. సెలవు పెడితే కొంత ఊరట దొరుకుతుంది గానీ, తిరిగి అదే బరువు కిందికి వెళితే కొద్ది రోజుల్లోనే మొదటికి వస్తుంది. పైగా బర్న్‌అవుట్ అనుకుంటున్నది కుంగుబాటు కూడా కావచ్చు. పని లేని రోజున, ఇష్టమైన చోట ఉన్నా అదే శూన్యం ఉంటే, డాక్టరును కలవాల్సిందే.

రాత్రి పడుకోగానే ఆలోచనలు మొదలై నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

పెద్దవారికి రోజుకు ఏడు గంటలు, అంతకుమించి నిద్ర అవసరం. నిద్ర చెడితే మనసు చెడుతుంది, మనసు చెడితే నిద్ర చెడుతుంది. ఎటువైపు నుంచి సరిచేసినా రెండోది కొంత బాగుపడుతుంది. నిద్ర వైపు నుంచి మొదలుపెట్టడం చాలామందికి సులువని నా అభిప్రాయం, ఎందుకంటే నిద్ర బాగాలేదని డాక్టరుకు చెప్పడానికి ఎవరూ సంకోచించరు.

రాత్రి ఎప్పుడు పడుకున్నా, ఉదయం ఒకే సమయానికి లేవడం అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు. ముందు రోజు నిద్ర చాలలేదని పొద్దెక్కేదాకా పడుకుంటే, ఆ రాత్రి నిద్ర మరింత ఆలస్యమవుతుంది. పక్క మీద సుమారు ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర పట్టకపోతే లేచి వేరే చోట, మసక వెలుతురులో ఏదైనా నెమ్మదైన పని చేసుకుని, కళ్ళు మూతలు పడుతున్నప్పుడే తిరిగి పక్క మీదికి రావాలి. గంటల తరబడి మెలకువగా దొర్లితే, పక్క అంటే ఆలోచనలకు చోటు అని మెదడు అలవాటు పడిపోతుంది. గడియారం కనిపించకుండా తిప్పి పెట్టండి. ఇంకెన్ని గంటలు మిగిలాయో లెక్క వేసుకోవడం నిద్రను తరిమేస్తుంది.

కాఫీ, టీలలోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కనుక మధ్యాహ్నం తరువాత మానేయడం మేలు. మద్యం నిద్ర త్వరగా పట్టించినట్టు అనిపించినా, రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది. వారానికి మూడు రాత్రులు, మూడు నెలల పాటు నిద్ర ఇలాగే చెడితే అది దీర్ఘకాలిక నిద్రలేమి. దానికి నిద్రమాత్రల కంటే ముందు, నిద్రలేమి కోసం రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్సను ప్రయత్నించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైన చెప్పినవన్నీ ఆ చికిత్సలోని భాగాలే.

చెడు ఆలోచనలు రాకుండా ఆపుకోలేకపోతున్నాను. నాలో ఏదైనా లోపం ఉందా?

లేదు. ఆపాలని ప్రయత్నించడంలోనే చిక్కు ఉంది. 1987లో డేనియల్ వెగ్నర్ బృందం చేసిన ప్రయోగంలో, తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పినవారికి ఆ ఎలుగుబంటే పదేపదే గుర్తుకు వచ్చింది. ఆ తరువాత ఆలోచించవచ్చని అనుమతి ఇచ్చినప్పుడు, ముందు నుంచే అనుమతి ఉన్నవారికంటే వీరికి అది ఎక్కువసార్లు తలపుకు వచ్చింది. ఆలోచనను అణచడం కంటే, దానికి ఒక సమయం కేటాయించడం మేలు. సాయంత్రం పదిహేను నిమిషాలు కూర్చుని బెంగలన్నీ కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన "నేను చేయగలిగింది ఉందా" అని వేసుకోండి. పగలు ఆ బెంగ వచ్చినప్పుడు దాన్ని సాయంత్రానికి వాయిదా వేయండి. మొదటి వారం కుదరనట్టే ఉంటుంది, మానకండి.

తనవాళ్ళకు హాని చేస్తానేమో, తలుపు గడియ వేయలేదేమో వంటి ఆలోచనలు రోజులో గంటల తరబడి తరిమి, పదేపదే సరిచూసుకునేలా చేస్తుంటే మాత్రం అది అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ కావచ్చు. దానికి ప్రత్యేకమైన చికిత్స ఉంది. అలాంటి ఆలోచన వచ్చినంత మాత్రాన మీరు చెడ్డవారు కారు. అది మీ స్వభావానికి విరుద్ధం కనుకనే మిమ్మల్ని అంతగా భయపెడుతోంది.

ఫోను, సోషల్ మీడియా మనసును పాడుచేస్తున్నాయా?

అందరికీ ఒకే రకంగా కాదు. మనిషి తనను తాను ఇతరులతో పోల్చుకునే తత్వాన్ని లియాన్ ఫెస్టింగర్ 1954లోనే సిద్ధాంతీకరించారు. ఫోను వచ్చాక ఆ పోలికకు విరామం లేకుండా పోయింది, పైగా మన మామూలు రోజును ఇతరుల ఎంపిక చేసిన ఫోటోలతో పోల్చుకుంటున్నాం. గంటలు లెక్కపెట్టడం కంటే ఫోను పక్కన పెట్టిన తరువాత ఎలా అనిపిస్తోందో గమనించండి. దూరాన ఉన్న చెల్లెలితో అరగంట మాట్లాడి పెట్టేసినప్పుడు ఉండే మనసుకూ, అరగంట వీడియోలు జరుపుతూ పోయి పెట్టేసినప్పుడు ఉండే మనసుకూ తేడా ఎవరికి వారికే తెలుస్తుంది. మొదట చేయాల్సింది, ఫోనును పడకగది బయట పెట్టడం.

చుట్టూ మనుషులున్నా ఒంటరిగా అనిపిస్తోంది. ఇది సహజమేనా?

సహజమే. ఒంటరిగా ఉండటం వేరు, ఒంటరితనం వేరు. కోరుకున్నంత దగ్గరితనం దొరకకపోవడమే ఒంటరితనం కనుక, నిండు ఇంట్లో కూడా అది ఉండవచ్చు. ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సామాజిక అనుబంధాల కమిషన్ 2025లో ప్రకటించింది. 2018లో బ్రిటన్, 2021లో జపాన్ దీనికోసం మంత్రులకు బాధ్యత అప్పగించాయి.

కొత్త స్నేహాలు చేసుకోమని చెప్పడం తేలిక. నిజానికి, తెగిపోయిన పాత పరిచయాన్ని కదిలించడం అంతకంటే సులభం. "చాలా రోజులైంది, ఒకసారి మాట్లాడాలని ఉంది" అని పంపడానికి కారణం చూపనవసరం లేదు. వారానికొకసారి ఒకే మనుషులను ఒకే చోట కలిసే ఏర్పాటు, అది ఆటైనా, సంగీతమైనా, సేవా కార్యక్రమమైనా, అప్పుడప్పుడు జరిగే పెద్ద వేడుకల కంటే ఎక్కువ దగ్గరితనాన్ని ఇస్తుంది.

సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, కౌన్సెలర్, వీరిలో ఎవరి దగ్గరకు వెళ్ళాలి?

సైకియాట్రిస్టు వైద్యవిద్య చదివి మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మానసిక పరీక్షలు, మాటలతో చేసే చికిత్స చేస్తారు. కౌన్సెలర్ జీవితంలోని నిర్దిష్టమైన ఇబ్బందుల్లో, అంటే దాంపత్యం, చదువు, ఉద్యోగం వంటివాటిలో తోడ్పడతారు. ఎవరిని అడగాలో తెలియకపోతే మీకు అలవాటైన మామూలు డాక్టరుతోనే మొదలుపెట్టండి. నిద్ర, ఆకలి బాగా చెడినా, లేనివి కనిపించడం, వినిపించడం ఉన్నా, చావు ఆలోచనలు వస్తున్నా నేరుగా సైకియాట్రిస్టును కలవాలి. ఎవరి దగ్గరకు వెళ్ళినా వారి చదువు, గుర్తింపు ఏమిటో అడగడం మర్యాద తక్కువ పని కాదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఎప్పటి నుంచి ఉంది, నిద్ర ఎలా ఉంది, ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా, ఏ మందులు వాడుతున్నారు, మద్యం అలవాటు ఉందా వంటివి అడుగుతారు. గది లోపలికి వెళ్ళగానే మాట రాకపోవడం చాలామందికి జరుగుతుంది. ముందే ఒక కాగితం మీద రాసుకుని, అది చేతికిచ్చినా సరిపోతుంది.

కేవలం మాట్లాడితే జబ్బు ఎలా తగ్గుతుంది?

థెరపీ అంటే ఓదార్పు కబుర్లు కావు. 1960లలో ఏరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీని ఉదాహరణగా తీసుకోండి. స్నేహితురాలికి సందేశం పంపారు, ఆమె చూసింది, జవాబివ్వలేదు. "నేనంటే ఆమెకు విసుగొచ్చింది" అన్న ఆలోచన మెరుపులా వచ్చి, మనసు కుంగి, ఆ సాయంత్రం ఎవరినీ కలవకుండా ఉండిపోయారు. థెరపిస్టు ఆ ఆలోచనను కాగితం మీద పెట్టించి, దానికి ఆధారాలేమిటి, ఇంకే కారణాలు ఉండవచ్చు, ఇదే మాట మీ చెల్లెలు అంటే మీరేం చెబుతారు అని అడుగుతారు. తరువాతి వారానికి ఒక చిన్న పని ఇస్తారు: ఆమెకు ఫోను చేసి చూడండి. ఇలా ఆలోచననూ, చేసే పనినీ కలిపి మార్చడం సాధన మీద వస్తుంది. నాలుగైదు సార్లు కలిసినా ఆ థెరపిస్టుతో మాట కలవడం లేదనిపిస్తే మరొకరి దగ్గరకు వెళ్ళవచ్చు. మానేయడం కంటే మారడం మంచిది.

మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా? అలవాటు పడిపోతామా?

కుంగుబాటుకు, ఆందోళనకు సాధారణంగా ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు మత్తుపదార్థాల్లా వ్యసనంగా మారవు. అయితే వాటిని ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్రలో కలవరం వంటివి వస్తాయి కనుక డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. నిజంగా అలవాటు పడే ప్రమాదం ఉన్నవి, ఆందోళన వెంటనే తగ్గించడానికి ఇచ్చే బెంజోడయజపీన్ మాత్రలు. వాటిని తక్కువ రోజులు, డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి. పాత చీటీతో దుకాణంలో కొనుక్కుని వాడకండి.

ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి వంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. ఫలితం కనిపించకముందే ఇబ్బంది కనిపించడం వల్ల చాలామంది సరిగ్గా ఇక్కడే ఆపేస్తారు. ఈ సంగతి డాక్టర్లు మొదటి రోజే విడమరిచి చెప్పాలి, చెప్పకపోతే మీరే అడగాలి. యువతీయువకులకు మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో కుదురులేనితనం గానీ, చావు ఆలోచనలు గానీ పెరుగుతున్నాయేమో దగ్గరుండి గమనించాలి. మొదటిసారి కుంగుబాటు వచ్చినవారు, తగ్గిన తరువాత కూడా కనీసం ఆరు నెలల పాటు మందు కొనసాగించడం వాడుక. జీవితాంతం అవసరమయ్యేది కొందరికే. గర్భిణులు, బిడ్డకు పాలిచ్చే తల్లులు మందు తమంతట తాము ఆపకుండా డాక్టరుతో మాట్లాడాలి.

ధ్యానం, వ్యాయామం చేస్తే సరిపోదా?

తేలికపాటి ఇబ్బందికి చాలావరకు సరిపోవచ్చు. వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ సూచిస్తోంది, అది మనసుకూ మేలు చేస్తుంది. కానీ తీవ్రమైన కుంగుబాటులో పక్క మీద నుంచి లేవడమే గండంగా ఉన్న మనిషికి నడక సలహా ఇచ్చి వదిలేస్తే, అది కూడా చేయలేకపోయానన్న అపరాధభావం మిగులుతుంది. అలాంటివారికి చికిత్స ముందు, వ్యాయామం దానికి తోడు.

ఆత్మీయులు పోయిన దుఃఖం ఎంతకాలం ఉంటుంది?

దానికి గడువు లేదు. దుఃఖం ఐదు దశల్లో వరసగా నడుస్తుందని చాలామంది నమ్ముతారు. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో ఆ దశలను చెప్పింది మరణం దగ్గరపడిన రోగులను చూసి. దుఃఖంలో ఉన్న ప్రతివారూ ఆ వరసలో నడవాలన్న నియమం లేదు. ఏడాది తరువాత ఒక పాత చొక్కా కనిపించి ఏడుపు వస్తే అందులో అసహజం ఏమీ లేదు. అయితే ఆరు నెలలు దాటినా తీవ్రత ఏమాత్రం తగ్గకుండా, పోయినవారి తలపు తప్ప మరేదీ పట్టకుండా, రోజువారీ జీవితం పూర్తిగా ఆగిపోయి ఉంటే, దాన్ని దీర్ఘకాలిక దుఃఖ సమస్యగా ఇప్పుడు వైద్యం గుర్తిస్తోంది. సహాయం తీసుకుంటే పోయినవారిని మరచిపోతామేమోనని భయపడకండి. ఆ చికిత్స ఉద్దేశం అది కాదు.

పిల్లల్లో, కొత్తగా తల్లులైనవారిలో ఏం గమనించాలి?

మానసిక సమస్యల్లో సగానికి పైగా 25 ఏళ్ళలోపే మొదలవుతాయి. యుక్తవయసు పిల్లల్లో కుంగుబాటు దిగులుగా కాక చిరాకుగా, ఎదురుతిరగడంగా కనిపించవచ్చు. మార్కులు హఠాత్తుగా పడిపోవడం, స్నేహితులను దూరం పెట్టడం, ఒంటి మీద గాయాలు దాచుకోవడం చూస్తే మందలించే ముందు కూర్చోబెట్టి అడగండి.

ప్రసవమైన రెండు మూడు రోజులకు వచ్చే ఏడుపు, చిరాకు చాలామందిలో రెండు వారాల్లోపు తగ్గిపోతాయి. అంతకుమించి సాగితే ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు; దీన్ని గుర్తించడానికి 1987 నుంచి పది ప్రశ్నల ఎడిన్‌బరో ప్రశ్నావళి వాడుకలో ఉంది. "బిడ్డ పుట్టిన సంతోషం లేదా నీకు?" అని ఆ తల్లిని ఎవరూ అడగకూడదు. ఆమెకు ముందుగా కావాల్సింది వరసగా నాలుగైదు గంటల నిద్ర, ఆ సమయంలో బిడ్డను చూసుకునే మరో చేయి. ఆమె వింతగా మాట్లాడుతున్నా, లేనివి వినిపిస్తున్నాయంటున్నా అది అత్యవసర పరిస్థితి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మావాళ్ళొకరు చనిపోవాలని ఉందంటున్నారు. ఆ మాట ఎత్తితే ఇంకా ప్రేరేపించినట్టు అవుతుందా?

అవదు. సూటిగా అడగడం వల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. చాలామందికి ఆ ప్రశ్నే మొదటి ఊరట. "నిన్ను చూస్తుంటే చాలా బాధలో ఉన్నట్టు అనిపిస్తోంది. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని నెమ్మదిగా అడగండి. జవాబు వచ్చేదాకా మౌనంగా ఉండండి. "పిల్లల ముఖం చూడు", "నీకేం తక్కువ", "అందరికీ కష్టాలుంటాయి" అనకండి. అవి ప్రేమతో అన్నా ఆ మనిషి నోరు మూయిస్తాయి. "ఈ మాట నాకు చెప్పినందుకు మంచిపని చేశావు, మనిద్దరం కలిసి డాక్టరు దగ్గరకు వెళదాం" అనండి. రహస్యంగా ఉంచమని ఒట్టు వేయించుకుంటే ఒప్పుకోకండి.

ఎలా చేసుకోవాలో, ఎప్పుడు చేసుకోవాలో కూడా అనుకున్నారని తెలిస్తే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి లేదా మీ దేశంలోని అత్యవసర నంబరుకు, ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైనుకు ఫోను చేయండి. హాని చేసుకోవడానికి వీలైన వస్తువులను ఇంట్లో నుంచి తీసేయండి. ఆ తీవ్రమైన ఘడియ చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది కనుక, అప్పుడు చేతికి ఏదీ అందకపోవడం ప్రాణాలు నిలుపుతుంది. అత్యంత విషపూరితమైన పురుగుమందులను శ్రీలంక దశలవారీగా నిషేధించిన తరువాత ఆ దేశంలో ఆత్మహత్యల రేటు గణనీయంగా తగ్గింది.

ఈ ఆలోచనలు మీకే వస్తుంటే, ఇప్పుడే ఒక మనిషికి చెప్పండి. మాటలు వెతుక్కోనవసరం లేదు, "నాకు బాగాలేదు, నా దగ్గరకు రా" అంటే చాలు.

మనిషికి బదులు చాట్ ప్రోగ్రాములతో మనసు విప్పి మాట్లాడవచ్చా?

ఆలోచనలను మాటల్లో పెట్టుకోవడానికి, డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు సిద్ధం చేసుకోవడానికి అవి ఉపయోగపడవచ్చు. జబ్బు నిర్ధారణకు, మందుల మార్పుకు, ప్రాణాపాయ సమయంలో ఆధారపడటానికి అవి తగవు. వాటితో మాట్లాడటం మొదలయ్యాక మనుషులతో మాట్లాడటం తగ్గిందేమో గమనించుకోండి.

ఒకసారి తగ్గాక మళ్ళీ వస్తుందా?

రావచ్చు. కుంగుబాటు ఒకసారి వచ్చినవారిలో సుమారు సగం మందికి జీవితంలో మరోసారి వస్తుంది. పదేపదే వచ్చినవారికి మైండ్‌ఫుల్‌నెస్ (ప్రస్తుత క్షణం మీద మనసు నిలిపే సాధన) ఆధారిత కాగ్నిటివ్ థెరపీ తిరిగి రాకుండా కాపాడుతుందని ఆధారాలున్నాయి. బాగున్న రోజుల్లో చేయగలిగిన పని ఒకటుంది. క్రితంసారి అన్నిటికంటే ముందు మారినదేమిటో గుర్తు చేసుకుని రాసిపెట్టుకోండి. ఒకరికి అది తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ రావడం, మరొకరికి ఫోన్లు ఎత్తకపోవడం, ఇంకొకరికి స్నానం వాయిదా వేయడం. ఆ కాగితం నకలు మీతో ఉండే ఒకరికి ఇచ్చి, అవి వరసగా వారం రోజులు కనిపిస్తే మీరు వద్దన్నా డాక్టరుకు ఫోను చేయమని, దానికి మీ సమ్మతి ఉందని, కింద సంతకం పెట్టి ఇవ్వండి.